పిల్లల కార్యక్రమం అని దేన్ని అనాలి?

ఈ మధ్య ఒక ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో నిలబడి ఉండగా ఒక తల్లి తన ఆరేళ్ల కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "మాస్టారూ, వీడు నెల రోజులుగా రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడండీ. లేచి, నాన్న ఫోను చేశాడా అని అడుగుతాడు. చేశాడురా అంటే నమ్మడు" అంది. పిల్లవాడి తండ్రి రెండేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. టి.వి.లో భయపెట్టేవేమైనా చూస్తున్నాడేమో కనుక్కున్నావా అమ్మా అని అడిగాను. "అబ్బే, సీరియళ్లు కూడా వాడు నిద్రపోయాకే పెడతానండీ. వాడు చూసేవన్నీ పిల్లల ప్రోగ్రాములే. బొమ్మలే గదా!" అంది.

"బొమ్మలే గదా" అన్న ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఆ పిల్లవాడి పక్కన చాపమీద కూర్చుని అరగంటసేపు వాడు చూసేదే చూశాను. కథలో ఒక కుర్రాడు వీరుడు. మొదటి రెండు నిమిషాల్లోనే వాడి తండ్రి కొండ అంచున శత్రువుతో పోరాడుతూ లోయలోకి పడిపోతాడు. కుర్రాడు ఒక్కసారి "నాన్నా" అని అరుస్తాడు. మరుక్షణంలో పదేళ్లు గడిచిపోతాయి. కుర్రాడు కత్తి పట్టుకుని నిలబడతాడు. అక్కడినుంచి అన్నీ కొట్లాటలే. ఆ తండ్రి ఊసు మళ్లీ రాదు. కొడుక్కి కోపం తెప్పించడానికి తప్ప కథకు ఆ తండ్రితో వేరే పనిలేదు.

నెత్తురు చుక్క కనబడలేదు. చెడ్డమాట వినబడలేదు. చట్టం ప్రకారం చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. మన దేశంలో 1994నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు పిల్లలకోసం ఉద్దేశించిన కార్యక్రమాల్లో అసభ్యమైన భాష, హింసాత్మక దృశ్యాలు ఉండకుండా జాగ్రత్త పడాలని చెబుతాయి. పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వారికి తగని కార్యక్రమాలు వేయరాదని కూడా చెబుతాయి. మంచి నియమాలే. అయితే అవి ఏమి ఉండకూడదో చెబుతాయి గాని, ఏమి ఉండాలో చెప్పవు. విషం లేనంత మాత్రాన అది అన్నం అయిపోదు గదా. పిల్లల కార్యక్రమం అనిపించుకోవడానికి ఉండవలసినది ఏమిటన్నదే ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న.

బొమ్మలన్నీ పిల్లలవి కావు

ముందుగా ఆ తల్లి చెప్పిన గుర్తునే చూద్దాం. బొమ్మలు కదిలితే అది పిల్లలదేనా? అమెరికాలో 1960లో 'ది ఫ్లింట్‌స్టోన్స్' అనే బొమ్మల ధారావాహిక మొదలైంది. అది రాత్రిపూట, పెద్దలు కూడా కూర్చుని చూసే వేళలో వచ్చేది. దానికి ఖర్చు పెట్టుకున్నవారిలో విన్‌స్టన్ అనే సిగరెట్లు తయారుచేసే కంపెనీ ఒకటి. అందుచేత ఆ బొమ్మలే ప్రకటనల్లో సిగరెట్లు వెలిగించి పొగ వదిలేవి! ఆ తరువాత ముప్పై ఏళ్లకు అదే బొమ్మలు పిల్లల కార్యక్రమాల జాబితాలోకి చేరాయి.

ఎలా చేరాయో చెబితే నవ్వొస్తుంది. 1990లో అమెరికా ప్రభుత్వం పిల్లల టెలివిజన్ చట్టం తెచ్చింది. పిల్లల చదువుకు, జ్ఞానానికి పనికివచ్చే కార్యక్రమాలు ఏమి వేస్తున్నారో చెప్పండి, అప్పుడే మీ లైసెన్సు కొనసాగుతుంది అంది. కొన్ని స్టేషన్లు కొత్తగా ఏదీ తయారు చేయలేదు. ఉన్నవాటికే కొత్త చీటీ అంటించాయి. 'ది జెట్సన్స్' అనే హాస్య బొమ్మల ధారావాహికను చూపించి, ఇది పిల్లలకు 21వ శతాబ్దపు జీవితాన్ని బోధిస్తుంది అని రాసిచ్చాయి. 1992లో ఈ సంగతి బయటపడి పెద్ద గొడవైంది. చివరికి 1996లో, వారానికి కనీసం మూడు గంటలు నిజంగా పిల్లల చదువుకు ఉద్దేశించినవే వేయాలని లెక్క కట్టి చెప్పవలసి వచ్చింది. పిల్లల కార్యక్రమం అనే పేరును ఎవరైనా, దేనికైనా పెట్టుకోవచ్చునని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇక రెండో గుర్తు. తెరమీద పిల్లలు కనబడితే అది పిల్లల కార్యక్రమమేనా? ఏడెనిమిదేళ్ల ఆడపిల్లకు పెద్దవాళ్ల దుస్తులు కట్టి, సినిమాలో నాయిక వేసిన గంతులే వేయించి, న్యాయనిర్ణేతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టే పోటీలు మనమంతా చూసినవే. వాటిలో ఆడేది పిల్లలు, ఆనందించేది పెద్దలు. ఓడిపోయిన పిల్ల ఏడుస్తుంటే కెమెరా దగ్గరకు జరుగుతుంది. ఆ ఏడుపు కూడా సరుకే. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ, పిల్లలచేత వయసుకు తగని నృత్యాలు చేయించవద్దని చానళ్లకు ప్రత్యేకంగా సూచన పంపవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి.

ఇక్కడ మన తెలుగువారి పాత అనుభవం ఒకటి గుర్తుచేయాలి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు మద్రాసు ఆకాశవాణిలోనూ, తరువాత హైదరాబాదులోనూ పిల్లల కార్యక్రమాలు నడిపారు. అక్కడా పిల్లలే పాడేవారు, మాట్లాడేవారు. కాని ఆ పిల్లలు పాడింది ఇంటి దగ్గర రేడియో ముందు కూర్చున్న తోటి పిల్లలకోసం. అన్నయ్య, అక్కయ్య అన్న పిలుపులోనే ఉంది సంగతంతా. పిల్లలకు సంబంధించి పెద్దవాడు ఎక్కడ కూర్చోవాలో ఆ దంపతులకు తెలుసు. న్యాయనిర్ణేత కుర్చీలో కాదు, పిల్లల పక్కన.

ఎదురుగా ఉన్నది ఎవరు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో ఫ్రెడ్ రోజర్స్ అని ఒకాయన ఉండేవారు. ప్రెస్బిటేరియన్ సంఘంలో పాదిరిగా 1963లో అభిషేకం పొందారు, అయితే ఆయనకు అప్పగించిన పని గుడి కాదు, టెలివిజన్ ద్వారా పిల్లలకు సేవ. 1968 నుంచి 2001 వరకు ఆయన నడిపిన 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్' అనే కార్యక్రమంలో మతబోధ లేదు. ఇంట్లోకి వచ్చేవారు, కోటు విప్పి స్వెట్టరు వేసుకునేవారు, బూట్లు మార్చుకునేవారు, పిల్లలతో మాట్లాడేవారు. ప్రతిసారీ ఇంతే. పెద్దవాళ్లకు చూస్తే ఆవులింత వస్తుంది. ఒకసారి ఒక నిమిషం అంటే ఎంతసేపో చూద్దామని గడియారం పెట్టి, నిమిషమంతా ఊరికే కూర్చున్నారు. తెరమీద నిమిషంసేపు ఏమీ జరగకుండా ఉండనివ్వడమంటే ఆ రంగంలో వారికి గుండె ఆగినంత పని.

ఆ కార్యక్రమంలో చేపల తొట్టె ఒకటి ఉండేది. ఆయన రోజూ చేపలకు మేత వేసేవారు. వేస్తూ "ఇప్పుడు చేపలకు మేత వేస్తున్నాను" అని పైకి చెప్పేవారు. చూస్తూనే ఉన్నాం గదా, చెప్పడం దేనికి అనిపిస్తుంది. ఒక అంధ బాలిక ఇంటినుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది. ఆయన చేపలకు మేత వేశారో లేదో ఆ పాపకు తెలియడంలేదు, అవి ఆకలితో ఉన్నాయేమోనని దిగులు పడుతోంది, దయచేసి పైకి చెప్పండి అని. అప్పటినుంచి చెప్పడం మొదలుపెట్టారు. తెర చూడలేని ఒక్క పాపకోసం ఆ మాట! నన్నడిగితే, పిల్లల కార్యక్రమం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఈ ఒక్క సంగతి చాలు. తీసేవారి మనసులో ఎదురుగా ఒక పిల్ల కూర్చుని ఉండాలి. ఆ పిల్లకు ఏది తెలియదో, దేనికి దిగులో వారికి తెలిసి ఉండాలి.

చిన్నపిల్లలకు పెద్దలు ఊహించని భయాలుంటాయి. తొట్టెలో స్నానం చేసే దేశాల్లో, నీళ్లు తూములోకి గిర్రున తిరిగిపోతుంటే తామూ జారిపోతామేమోనని పసివాళ్లు హడలిపోతారు. రోజర్స్ దానిమీద ప్రత్యేకంగా ఒక పాట కట్టి పాడారు. పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివిన మార్గరెట్ మెక్‌ఫార్లాండ్‌ను సంప్రదించి స్క్రిప్టు సరిచూసుకునేవారు. 1968 జూన్‌లో రాబర్ట్ కెన్నెడీని కాల్చి చంపినప్పుడు దేశమంతా టి.వి.లో అదే చూపిస్తుంటే, ఆయన ఒక చిన్న పులిబొమ్మచేత హత్య అంటే ఏమిటి అని అడిగించారు. ఇళ్లలో పిల్లలు ఆ మాట వింటున్నారు, ఎవరూ చెప్పడంలేదు, అందుకని. మన ఇళ్లల్లోనూ వార్తలు నడుస్తూనే ఉంటాయి, పసివాడు పక్కనే అన్నం తింటూనే ఉంటాడు. వాడికేం తెలుసులే అనుకుంటాం.

పిల్లలను చూసి దిద్దుకున్నవారు

1969 నవంబరులో మొదలైన 'సెసమీ స్ట్రీట్' దారి వేరు. అది వేగంగా, రంగులతో, పాటలతో నడుస్తుంది. బీద పిల్లలు బడిలో చేరేనాటికి అక్షరాలు, అంకెలు తెలిసి ఉండాలని జోన్ గాంజ్ కూనీ అనే ఆమె మరికొందరితో కలిసి ఆరంభించారు. వారి పద్ధతి తెలుసుకోదగ్గది. ఒక పిల్లవాణ్ని టి.వి. ముందు కూర్చోబెట్టి, పక్కనే మరో తెరమీద కొన్ని సెకన్లకు ఒకసారి మారే వేరే బొమ్మలు వేసేవారు. పరిశోధకుడు టి.వి.ని చూడడు, పిల్లవాడి కళ్లనే చూస్తాడు. ఏ ఘట్టంలో చూపు పక్కకు పోయిందో రాసుకుంటాడు.

వారికి నిపుణులు ముందే ఒక సలహా ఇచ్చారు: వీధిలో మనుషుల దృశ్యాలు వేరుగా, తోలుబొమ్మలవంటి పాత్రల దృశ్యాలు వేరుగా ఉంచండి, కలిపితే పిల్లలు ఏది నిజమో తెలియక తికమక పడతారు అని. అలాగే తీసి 1969 జులైలో పిల్లలకు చూపిస్తే, బొమ్మలున్నంతసేపు కళ్లార్పకుండా చూసినవాళ్లు వీధి దృశ్యాలు రాగానే చూపు తిప్పేసుకున్నారు. అప్పుడు నిపుణుల మాట పక్కనపెట్టి, పిల్లల మాట విన్నారు. మనుషుల మధ్యకే ఒక పెద్ద పసుపు పక్షిని తెచ్చి పెట్టారు. ప్రపంచమంతా ఎరిగిన బిగ్ బర్డ్ అలా పుట్టింది.

అయితే ఒక హెచ్చరిక. కళ్లు అతుక్కుపోవడమే మంచి కార్యక్రమానికి రుజువు అనుకోకండి. క్షణక్షణానికి మెరుపు మెరిపిస్తే ఎవరి కళ్లయినా అతుక్కుంటాయి, పెద్దవాళ్లవి కూడా. చూపు నిలిచాక ఆ చూపుకు ఏమి పెట్టారన్నది చూడాలి.

వారేమి పెట్టారో చెప్పే ఘట్టం ఒకటుంది. ఆ వీధిలో హూపర్ అనే దుకాణదారు పాత్ర వేసిన విల్ లీ అనే నటుడు 1982 డిసెంబరులో చనిపోయారు. ఆ పాత్రకు మరొకర్ని పెట్టవచ్చు. లేదా ఊరు మారిపోయాడని చెప్పేయవచ్చు. వారు అలా చేయలేదు. పిల్లలకు నిజం చెబుదాం అనుకున్నారు. పిల్లల మనస్తత్వం తెలిసినవారిని అడిగి, జబ్బు చేసి పోయాడని చెప్పవద్దనుకున్నారు. ఎందుకంటే అమ్మకు జలుబు చేసినా పిల్లవాడు వణికిపోతాడు. తల్లిదండ్రులు ఇంట్లో ఉండే రోజు చూసి, 1983 నవంబరు 24న, అక్కడి కృతజ్ఞతా పండుగనాడు దాన్ని ప్రసారం చేశారు. బిగ్ బర్డ్ అందరి బొమ్మలూ గీసి తెచ్చి పంచుతూ, హూపర్‌గారి బొమ్మ ఆయన వచ్చాక ఇస్తానంటుంది. ఆయన చనిపోయాడు, ఇక తిరిగి రాడు అని పెద్దలు మెల్లగా, స్పష్టంగా చెబుతారు. పక్షికి కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. వాళ్ల కళ్లల్లోనూ నీళ్లు. అయినా నీకు అన్నం పెట్టేందుకు, కథ చెప్పేందుకు మేమంతా ఉన్నాం అంటారు.

దీన్ని ఆ తల్లి ఇంట్లో చూసిన లోయ దృశ్యం పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ మరణం ఉంది. పిల్లల కార్యక్రమంలో దుఃఖం ఉండకూడదనడం పొరపాటు. బాధ చూపించి పిల్లవాణ్ని ఒంటరిగా వదిలేస్తున్నారా, చేయి పట్టుకుంటున్నారా అన్నదే తేడా.

ఇంకొక సంగతి. పిల్లలు చూసిందే చూస్తామంటే మనం విసుక్కుంటాం. 1996లో మొదలైన 'బ్లూస్ క్లూస్' అనే కార్యక్రమాన్ని తయారుచేసినవారు ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులూ వేశారు. మధ్యలో ప్రశ్న అడిగి, ఇంట్లో పిల్లవాడు జవాబు చెప్పేదాకా ఆగేవారు. ఐదో రోజుకు పిల్లలకు విసుగు రాలేదు సరికదా, గట్టిగా అరిచి జవాబులు చెప్పారు. మన అమ్మమ్మలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడు చేపల కథలో ఒక్కొక్కరూ నేరం పక్కవారిమీదకు తోస్తూ పోతుంటే, తరువాత ఎవరి పేరు రాబోతున్నదో తెలిసిన పసివాడు అమ్మమ్మకంటే ముందే అందుకుంటాడు. ఆమె కావాలనే ఆగుతుంది.

అమ్మడానికి కాదు

'హీ-మ్యాన్' అనే వీరుడి బొమ్మల ధారావాహిక 1983లో వచ్చింది. దానికి ముందు ఏడాదే మాటెల్ కంపెనీ ఆ వీరుడి ఆటబొమ్మలను అంగళ్లలో పెట్టింది. అంటే ముందు సరుకు, తరువాత కథ. ఆ తరువాత ఈ పద్ధతి ఎన్ని దేశాలకు పాకిందో చెప్పనక్కరలేదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రకటన అనేది తమచేత ఏదో కొనిపించే ప్రయత్నమని తెలియదని 2004లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం చెప్పింది. స్వీడన్ దేశమైతే 1991 నుంచే పన్నెండేళ్లలోపు పిల్లలను ఉద్దేశించి టి.వి.లో ప్రకటనలు వేయడాన్ని నిషేధించింది.

మన హైదరాబాదులో పుట్టిన 'ఛోటా భీమ్' 2008 నుంచి ఇంటింటి పిల్లవాడయ్యాడు. ఢోలక్‌పూర్ అనే పల్లె, స్నేహితులు, లడ్డూలు, కోతి – మనదైన వాతావరణంలో మనవాడొకడు ఉన్నందుకు సంతోషించాలి. నాకున్న ఫిర్యాదల్లా, లడ్డూ తిని పిడికిలి బిగిస్తే తీరని చిక్కు ఆ ఊళ్లో లేదు. అదే సంస్థ 2019లో 'మైటీ లిటిల్ భీమ్' తీసింది. అందులో భీముడు మాటలు రాని పసివాడు, కథ కూడా మాటలు లేకుండానే నడుస్తుంది. పసివాడి కుతూహలం ఎటు పోతే కథ అటు పోతుంది. ఈ రెండోదే పిల్లల కార్యక్రమానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

జగద్గురువులు రెండవ జాన్ పాల్‌గారు అంతర్జాతీయ కుటుంబ సంవత్సరమైన 1994లో సమాచార సాధనాల దినోత్సవానికి టెలివిజన్, కుటుంబం అన్న అంశాన్నే తీసుకున్నారు. 2007లో పదహారవ బెనెడిక్ట్‌గారు పిల్లలు, ప్రసార సాధనాలు అన్న అంశం ఎంచుకున్నారు. ఇద్దరూ నిర్మాతలను హెచ్చరించారు గాని, తల్లిదండ్రుల పనిని వారికి అప్పగించలేదు. ఈ రోజుల్లో టి.వి. గోడమీదే కాదు, అరచేతిలోనూ ఉంది. రెండేళ్లలోపు పసివాడికి అసలే వద్దు, రెండునుంచి నాలుగేళ్లవారికి రోజుకు గంట మించరాదు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో మొదటి పది నిమిషాలైనా పక్కన కూర్చోండి. తెరను కాదు, పిల్లవాడి ముఖాన్ని చూడండి. అయిపోయాక ఏమాడుకుంటున్నాడో, ఏమి అడుగుతున్నాడో గమనించండి.

ఆ తల్లికి నేను చెప్పింది అంతే. ఛానలు తీసేయమనలేదు. మరో మాట కూడా అడిగాను, పోయిన ఏడాది వాళ్ల మామగారు చనిపోయినప్పుడు పిల్లవాడికి ఏమని చెప్పారని. "ఊరెళ్లాడని చెప్పామండీ" అంది. కాసేపు ఊరుకుంది. కువైట్‌కు పోయిన తండ్రి గురించీ వాడికి చెప్పింది అదే మాట.

తరువాతి ఆదివారం సత్యోపదేశం తరగతి అయ్యాక ఆమె మళ్లీ కనబడింది. వారమంతా పక్కన కూర్చుని చూసిందట. లోయ దృశ్యం మళ్లీ వచ్చిందట. పిల్లవాడు తెరమీదనుంచి చూపు తిప్పకుండానే, "అమ్మా, ఆ నాన్న పడిపోయాక ఎవరైనా కిందికి దిగి వెతికారా?" అని అడిగాడట. ఆమె టి.వి. కట్టేసి, తాత సంగతి వాడికి ఉన్నదున్నట్టు చెప్పిందట. వాడు చాలాసేపు ఏడ్చి, నాన్నకు ఫోను చెయ్యమన్నాడట. అప్పటికి కువైట్‌లో ఇంకా పని వేళే. అయినా చేశారట.